చెల్లెలి కళ్లలో పసరు

మా చెల్లెలు మొదటిసారి పడిపోయినప్పుడు ఆమె ముక్కుకు ఆనించిన చెప్పును నేను ఇంకా మరిచిపోలేదు. మడమ దగ్గర అరిగి, చెమటకు నల్లబడిన పాత తోలు చెప్పు. అడుగున ఎండిన పేడ. ఆ చెప్పు గలాయన పొద్దున్నుంచి దానితోనే బర్రెల కొట్టంలో, కాలువ గట్టు మీద, కల్లు దుకాణం ముందర తిరిగి వచ్చాడు. ఆమె నోటి నుంచి నురుగు కారుతోంది. ఆ నురుగుకు వడ్ల గింజలు అంటుకున్నాయి. ఆయన చెప్పును ఆ గింజల మీదుగా ముక్కుకు నొక్కిపట్టి, పని తెలిసినవాడిలాగా చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూశాడు.

అవి తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, యాసంగి వడ్లు కొనే రోజులు. చెల్లెలి అత్తగారి ఊరు హాలియాకు దగ్గర. సాగర్ కాలువ కింద వాళ్లకు పొలం ఉంది. ఊరి బయట కొనుగోలు కేంద్రంలో వడ్లు కుప్ప పోసి, కాంటా ఎప్పుడవుతుందా అని రైతులు పరదాల నీడన కూర్చున్నారు. నేను నల్గొండ నుంచి ఊరికే చూసిపోదామని వెళ్లాను. చెల్లెలు పారతో వడ్లు ఎగదోస్తూ ఉన్నట్టుండి ఆగి, ఎడమ వైపు తల తిప్పి దేన్నో చూస్తున్నట్టు నిలబడింది. నేనూ అటే చూశాను. అక్కడ ఏమీ లేదు. మరుక్షణం కుప్ప మీద పడింది.

"చెప్పు వెట్టుండ్రి, చెప్పు! రబ్బరుది కాదు, తోలుది ఉండాలె!"

"చేతుల ఇనుము వెట్టుండ్రి. ట్రాక్టరు తాళంచెవి పట్టుకరా రా!"

"ఉల్లిగడ్డ దంచుకరాండ్రి ఎవలన్న!"

"జరుగుండ్రి, గాలి రానియ్యిండ్రి" అని నేను అరిచాను. ఎవరూ జరగలేదు. మా బావ, అంటే ఆమె భర్త, ఆమె కాళ్ల మీద కూర్చున్నాడు. ఒకడు ఆమె పిడికిలి విప్పి తాళంచెవి దూర్చాడు. ఒకడు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ఉల్లిగడ్డ రసం ఆమె ముక్కులోకి, కళ్లలోకి పిండారు. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది.

ఆమె కళ్లు తెరిచి నా గొంతు వైపు తిరిగింది.

"అన్నా, పొద్దు గూకిందా?"

నెత్తి మీద ఎండ మండిపోతోంది. నేను ఆమె ముఖం ముందు చెయ్యి ఆడించాను. రెప్ప కొట్టలేదు.

"ఏం కనవడ్తలేదే. చీకటిగున్నది. అందరు ఏడికి వోయిండ్రు?"

అందరూ అక్కడే ఉన్నారు. చెప్పు గలాయన మెల్లగా చెప్పు తొడుక్కున్నాడు. ఇంటికి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టాం. సాయంత్రం దాటుతుండగా "ఏందో ఎర్రగ కదుల్తాంది" అన్నది. ఎదురుగా వాళ్ల ఆడబిడ్డ ఎర్రచీరలో అటూ ఇటూ తిరుగుతోంది. తరువాత గోడ కనిపించింది, దండెం కనిపించింది, నేను కనిపించాను. అన్నం వేళకు పూర్తిగా చూపు వచ్చింది.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. ఆ చెప్పు గలాయన వాకిట్లో నిలబడి, "నేను జెప్పలే? చెప్పు వెట్టకుంటె పిల్ల గుడ్డిదైపోవు" అన్నాడు. తాళంచెవి ఇచ్చినవాడు ఊరుకుంటాడా? "ఇనుము వట్టుకున్నంకనే ఆగింది, నేను కండ్లార జూసిన" అన్నాడు. ఉల్లిగడ్డ దంచినామె తన వంతు చెప్పుకుంది. పడుకుని ఉన్న నా చెల్లెలి మీదుగా ముగ్గురూ వాదులాడుకున్నారు.

నేను భూముల సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ప్రతి సాయంత్రం డైరీ రాస్తున్నాను. ఎవరి పొలం కొలిచాం, ఎక్కడ హద్దురాయి పాతాం, వాన పడిందా లేదా, ఇవే రాస్తాను. నా మనసులో ఏముందో రాసే అలవాటు లేదు. ఆ రోజు మాత్రం "అసహ్యం" అని ఒక్క మాట రాసి పెన్ను మూసేశాను. నాకు వచ్చింది కోపం కాదు. కోపమైతే నాలుగు మాటలు అనేస్తే దిగిపోతుంది. ఇది వాంతి వచ్చేముందు నోట్లో ఊరే నీళ్లలాంటిది. మింగలేం, అందరి ముందూ ఉమ్మలేం.

నల్గొండలో మెదడు డాక్టరుకు చూపించాం. ఆమె చిన్న వయసు డాక్టరు, మాటలు ఎక్కువ మాట్లాడదు. స్కానింగు తీయించింది. పడిపోయే ముందు ఏమైనా కనిపించిందా అని చెల్లెలిని అడిగింది.

"ఎడమ దిక్కు రంగురంగుల గాలిబుగ్గలు తిరుగుతయమ్మా. ఎర్రయి, పచ్చయి. జాతరల అమ్ముతరు సూడు, గసొంటియి. జూడనీకి మంచిగనే ఉంటయి. ఆటెన్క నాకేం ఎరుక లేదు."

ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తె దయ్యం కనవడ్డదంటరు" అన్నది.

డాక్టరు స్కానింగు కాగితం పైకెత్తి తల వెనక భాగం చూపించింది. "చూసే పని కంటిది అనుకుంటాం. కన్ను వాకిలి మాత్రమే. చూసేది ఇక్కడ, తల వెనక. ఈమెకు అక్కడ పాత మచ్చ ఒకటి ఉంది. ఫిట్స్ అక్కడే మొదలవుతున్నాయి. వచ్చిపోయాక ఆ భాగం అలిసిపోయి కాసేపు పనిచేయదు. అందుకే చూపు పోతుంది. దానంతట అదే వస్తుంది, మీరేం చేయక్కర్లేదు. కానీ ఫిట్స్ ఆగకుండా చాలాసేపు వస్తే మాత్రం ఆ చూపు తిరిగి రాకపోవచ్చు. అందుకని గోళీలు ఒక్క పూట కూడా మానొద్దు."

"దానంతట అదే వస్తుంది." నేను ఈ మాటను తరువాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో. దానంతట అదే వచ్చేదాన్ని ఎవడైనా తనదని చెప్పుకోవచ్చు. హద్దురాళ్లు లేని పొలంలాంటిది అది. ఎవడు ముందు నాగలి కడితే వాడిదే.

గోళీలు బాగా పనిచేశాయి. ఫిట్స్ రాలేదు. మా చెల్లెలు ఊళ్లో నాటు వేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. ఎవరి మడి ఎప్పుడో, ఎంతమంది దిగాలో ఆమే చెప్పాలి. తాడు కట్టకుండా కంటితోనే వరుస తిన్నగా పట్టుకుపోయేది. వెనక ఎవరి వరుస వంకరపోయినా గట్టు మీద నుంచే కేకవేసేది. నేను పొలాలు కొలిచే గొలుసు పట్టుకుని బతికినవాడిని, ఆమె నారు పట్టుకుని. వంకర గీత మా ఇద్దరికీ పడదు. మళ్లీ ఆమె మడిలో దిగింది.

రోజూ సాయంత్రం నేను ఫోను చేసేవాణ్ని.

"గోళీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న అన్నా."

ఒక్కోసారి ఫోను వాళ్ల ఆడబిడ్డ లాక్కునేది. ఆమె భర్త పోయాక పుట్టింట్లోనే ఉంటోంది. నాకు వదినె వరస. వరసను బట్టి నన్ను ఏమైనా అనే హక్కు ఆమెకు ఉంది, అన్నది కూడా.

"ఏం బావా, రోజు గిదే ముచ్చటనా? నీ పెండ్లాం తిన్నదా లేదా అని ఎన్నడన్న అడిగినవా? గా గోళీలు మింగి మా మరదలు మబ్బుమబ్బుగ తిరుగుతాంది. గట్టు మీద కూసుంటె కునికిపాట్లే. పిచ్చోళ్లకిచ్చే గోళీలంట గద అవి?"

"ఎవలు జెప్పిండ్రు వదినె?"

"ఎవలు జెప్పేదేంది, ఊరందరికి ఎరుకే. నువ్వు జమీన్లు కొలిచినోనివి, తలకాయలు కొలుసుడు నీకేమెరుక?"

నవ్వేవాణ్ని. ఆమె మాటలో నవ్వు ఉండేది. గోళీల వల్ల చెల్లెలికి మబ్బు నిజమే, జుట్టు ఊడడం నిజమే. పిచ్చి గోళీలన్న మాట పడలేక ఆమె వాటిని బియ్యం డబ్బాలో దాచుకుని, ఎవరూ చూడనప్పుడు మింగేది.

అట్లా చాలాకాలం గడిచాక ఒక వానాకాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. తిన్నది తిన్నట్టే వాంతి అయ్యేది, గోళీ కూడా. మూడో పొద్దునో నాలుగో పొద్దునో ఫిట్స్ వచ్చాయి, చూపు పోయింది. నాకు ఫోను చేయలేదు, సాయంత్రం నేను చేసినప్పుడూ చెప్పలేదు. బావ, వదినె కలిసి ఆమెను ఆటోలో వేసుకుని, కాలువ అవతలి ఊళ్లో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఏదో ఆకు దంచి, గుడ్డలో మూటగట్టి, రసం రెండు కళ్లలో, రెండు ముక్కుపుటాల్లో పిండుతాడు. ఆదివారం పరగడుపున వెళితే మంచిదంటారు. ఆదివారం కాకపోయినా ఆ రోజు పోశాడట.

సాయంత్రానికి చూపు వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది?

వారం దాటాక నేను చెప్పకుండా వెళ్లాను. చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. కళ్లు కారం పడ్డట్టు ఎర్రగా ఉబ్బి, రెప్పల అంచుల్లో పుసి గడ్డకట్టి ఉంది. తలగడ మీద పచ్చటి మరక. నానబెట్టి మురిగిపోయిన ఆకుకూర వాసన. దగ్గరికి వెళ్లి కూర్చుంటే ఆ వాసన ఆమె ఊపిరిలోంచి కూడా వస్తోంది. గూట్లో గోళీల అట్ట, ఒక్కటి కూడా తీయకుండా, అట్లాగే ఉంది.

"ఏసుకుంటున్న అన్నా అన్నవు గద?"

వదినె వంటింట్లోంచి వచ్చింది.

"నేనే వద్దన్న బావా. పత్యం. వంకాయ వద్దు, ఎండుచేప వద్దు, ఇంగ్లీషు మందు అస్సలు వద్దన్నడు పెద్దాయన. మందు వాసన తాకితె పసరు ఇరుగుతదంట. నువ్వు నల్గొండల స్కానింగులు తీపిచ్చినవ్, మబ్బు తెప్పిచ్చినవ్. ఆయన పొద్దున వోసిండు, మాపటికి పిల్ల దీపం జూసింది. ఇంకేం గావాలె?"

"పొయ్యకున్న వస్తుండె వదినె. ముందల వడ్ల కుప్ప కాడ రాలే? అప్పుడు పసరు వోసిండ్రా?"

"అప్పుడు ఉల్లిగడ్డ వోసిండ్రు గద."

బావ వైపు చూశాను. ఆయన మంచి మనిషి. పొలంలో నీటి మడవ దగ్గర ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. ఆ మంచితనం అప్పుడు నాకు పాచిపట్టిన మెట్టులాగా కనిపించింది, కాలు పెడితే నిలవదు.

"నేనేమంట బావా. అక్క ఎట్లంటె గట్ల. ఆయన పైస గూడ ముట్టడు. కొబ్బరికాయ ఒక్కటే. పైస తీసుకోనోనికి మోసం జేసే అక్కర ఏముంటది?"

నేను కాలువ దాటి ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. తెల్లటి పంచె, నుదుట బొట్టు, మెత్తటి మాట. నన్ను చూడగానే లేచి, "రాండ్రి సారూ, కూసోండ్రి" అని గద్దె దులిపాడు. వాకిట్లో జనం. పెద్దాయన ఒక ముసలివాడి కళ్లలో పసరు పిండిన గుడ్డను, నీళ్లలో ముంచకుండానే భుజం మీది తువ్వాలకు తుడిచి, దానితోనే పక్కనున్న ఆడమనిషి కళ్లలో పోశాడు. ఆయన గోళ్ల కింద పచ్చదనం నల్లగా పేరుకుపోయి ఉంది. ఆ వేళ్లు ఒక్కొక్కరి రెప్పలు విప్పుతుంటే నా రెప్పలు వాటంతటవే మూసుకున్నాయి.

"గోళీలు ఎందుకు మానుమన్నరు పెద్దమనిషీ?"

"రెండు మందులు ఒక్క ఒంట్ల కొట్లాడ్తయ్ సారూ. ఏదన్న ఒక్కటే ఉండాలె."

"చూపు దానంతట అదే వస్తదని డాక్టరమ్మ జెప్పింది."

"అస్తది సారూ. పసరు వోసినంక అచ్చింది గద." ఆయన నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వాడు. "నేనేమన్న పైస అడిగిన్నా మిమ్ముల? పైస ముడితె నా చేతి గుణం పోతది."

ఆయన అబద్ధమాడుతున్నాడని అనుకోగలిగితే నాకు హాయిగా ఉండేది. ఆయన నమ్ముతున్నాడు. పైసలు వద్దంటాడు కానీ, వాకిట్లో జనం చేతులు జోడిస్తుంటే ఆ ముఖం మీద పొంగే తృప్తి ఎవడి సొమ్ము? అది నా చెల్లెలి మెదడు దానంతట అది చేసుకున్న పని. దాన్ని ఆయన తీసుకుని, బదులు ఒక కొబ్బరికాయ కూడా తీసుకున్నాడు.

తిరిగి వచ్చి చెల్లెలితో ఒంటరిగా మాట్లాడాను. "నా వెంబడి నల్గొండ రా. కొన్ని దినాలు ఉండు" అన్నాను.

"నాట్లు నడుస్తున్నయి అన్నా. ముఠా చెదిరిపోతది." కారుతున్న కళ్లు కొంగుతో తుడుచుకుని అన్నది, "నువ్వు సదువుకున్నోనివి, నువ్వు జెప్పేదే నిజమైతది కావచ్చు. గని ఆ చీకట్ల నువ్వు లేవు, నేనున్న. ఇంకెన్నడు రాదేమో అనిపిస్తది. గప్పుడు ఎవలు ఏం వోసినా పొయ్యనిస్తం. పత్యం అయిపోని, గోళీలు ఏసుకుంట."

ఆ పథ్యం అయిపోకముందే బావ ఫోను చేశాడు. పట్టపగలు. వెనక అరుపులు. "ఆగుతలేవు బావా" అన్నది ఒక్కటే అర్థమైంది.

నేను నల్గొండ దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాను. అంబులెన్సు చాలా ఆలస్యంగా వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో స్ట్రెచరు దించగానే తెలిసింది. ఆమె ముఖమంతా పచ్చగా ఉంది. కళ్ల కొనల నుంచి చెవుల్లోకి కారి ఎండిపోయిన పసరు, దాని మీద నురుగు, నురుగులో ఆకు నలుసులు. ముందు కాలువ దాటారు. కొట్టుకుంటున్న మనిషిని నలుగురు పట్టుకుంటే ఆయన పోశాడు. తగ్గకపోతే మళ్లీ పోశాడు. అప్పుడు హాలియాకు, అక్కడి నుంచి నల్గొండకు.

నర్సు దూదితో ఆమె ముఖం తుడుస్తూ ముక్కు చిట్లించింది. "ఏమిటిది? ఏం పూశారు?"

బావ గోడ మీది గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

సూదులు వేశాక ఎప్పటికో ఫిట్స్ ఆగాయి. మరునాడు మెలకువ వచ్చింది. చూపు లేదు. "పొద్దుగూకేసరికి వస్తది" అన్నాడు బావ. పొద్దు గూకింది. "రేపటికి వస్తది" అన్నాడు. ఆ రేపూ అయిపోయింది. డాక్టరు మళ్లీ స్కానింగు తీయించి, ఈసారి నన్ను ఒక్కడినే పిలిచింది. తల వెనక భాగం బాగా దెబ్బతిన్నదని, చూపు కొంత వస్తే రావచ్చు, మొత్తం రాదని చెప్పింది. "గోళీలు మానేశారా?" అని అడిగింది. చెప్పాను. ఆమె ఆ సంగతి చీటీలో రాసుకుని, "ఇంకోసారి ఇట్లా వస్తే, ఆ మిగిలింది కూడా పోతుంది" అన్నది.

కళ్ల డాక్టరు కూడా వచ్చి చూశాడు. టార్చి వేసి, పసరుకు కొంచెం పుండు పడింది, చుక్కలతో మానుతుంది, కళ్లు మాత్రం బాగానే ఉన్నాయన్నాడు. కంటిపాప వెలుగుకు ముడుచుకుంటోంది, నరం బాగుంది, లోపం లోపల మెదడులో ఉందని వివరంగానే చెప్పాడు. బావ చెవికి ఎక్కింది మాత్రం ఒక్కటే. "కండ్లు మంచిగున్నయట." ఆ మాట ఆయన కంటే ముందే ఊరు చేరింది.

తరువాత నేను చూసినంత నీచం నా ఉద్యోగ జీవితంలో హద్దు తగాదాల్లో కూడా చూడలేదు.

కొన్ని నెలలకు ఆమెకు కుడివైపు కొంచెం చూపు వచ్చింది. అది చిత్రమైన చూపు. కదిలేది కనిపిస్తుంది, కదలనిది కనిపించదు. దారిలో బర్రె నడిచివస్తే పక్కకు తప్పుకుంటుంది. వాకిట్లో వేసి ఉన్న మంచానికి మాత్రం మోకాలు తగిలి పడుతుంది. మనిషి నడిచొస్తే "ఎవలు?" అంటుంది. ఆ మనిషి ఎదురుగా వచ్చి ఆగి నిలబడితే మాయమైపోతాడు. ఇట్లా ఉంటుందని డాక్టరు ముందే చెప్పింది. నేను ఊళ్లో అందరికీ చెప్పాను. ఎవరికి కావాలి?

"బర్రె కనవడ్తది గని మంచం కనవడదట! మంచిగున్నది నాటకం. పని ఎగ్గొట్టనీకి."

ఆమె చేత నాటు వేయించుకున్నవాళ్లే వచ్చి పరీక్షలు పెట్టారు. ఒకామె ఆమె నడిచే దారిలో చప్పుడు కాకుండా బిందె పెట్టి, తగిలి పడితే "అయ్యో, చూసుకోలే" అన్నది. ఒక పిల్లగాడు ముఖం మీద ఫోను లైటు కొట్టి, రెప్ప కొడుతుందా లేదా అని చూశాడు. వాడి తల్లి పక్కనే నిలబడి నవ్వింది. చెల్లెలు లైటు వైపు ముఖం పెట్టి, "ఎవలు బిడ్డా?" అని అడిగింది.

వదినె నవ్వులు మానేసింది. కానీ ఆమె చెప్పే మాట అన్నింటికంటే హీనంగా ఉండేది. ఇంటికి ఎవరు వచ్చినా, "పానం నిలవెట్టింది మాత్రం పెద్దాయన పసరే. అది వొయ్యకపోతె గా దినమే వోతుండె. కండ్లదేముంది, మెల్లగ వస్తయ్" అనేది. చూపు వచ్చినప్పుడు పసరు వల్ల వచ్చింది. చూపు పోయినప్పుడు ప్రాణం పసరు వల్ల మిగిలింది. చెల్లెలు చనిపోయి ఉంటే కూడా వీళ్లకు ఒక మాట సిద్ధంగా ఉండేదేమో. మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి ఆమె ఈ మాట అన్నప్పుడు గ్లాసు కింద పెట్టేశాను. ఆ ఇంట్లో ఏది తాగినా ఆకు వాసన వచ్చేది నాకు.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి పెద్దాయన స్వయంగా వచ్చి ఉన్నాడు. వదినె పిలిపించింది. అరుగు మీద గిన్నె, గుడ్డ మూట. చెల్లెలిని పీట మీద కూర్చోబెట్టి, వదినె వెనక నిలబడి ఆమె తలను తన కడుపుకు ఆనించి పట్టుకుంది. బావ గడపలో నిలబడ్డాడు.

"పోయిన చూపు గూడ అస్తది బిడ్డా" అంటున్నాడు ఆయన. "జర టైం వడ్తది. పత్యం జెయ్యాలె, గంతే. ఈసారి గట్టిగ జెయ్యాలె."

"పెద్దమనిషీ, చెయ్యి తియ్యుండ్రి" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మళ్ల గోళీలు మానితె ఉన్నదిగూడ పోతది."

వదినె నా మీద లేచింది. "నీ గోళీలు మింగుతనే ఉన్నది గద బావా, వచ్చిందా చూపు? ఒక్క సారి పొయ్యనియ్యి. నీ సొమ్మేం వోతది?"

ఆయన గుడ్డ మూట ఎత్తాడు. కదిలేది కనుక అది చెల్లెలికి కనిపించి ఉంటుంది. ఆమె రెండు అరచేతులతో కళ్లు మూసుకుంది.

"చేతులు తియ్యి బిడ్డా."

"తియ్య."

"మరదలా, గదేంది? పెద్దాయన గింత దూరం నడిసొచ్చిండు."

"నా కండ్లు మంచిగనే ఉన్నయట గద వదినె. ఊరందరు గదే అంటున్నరు గద. మంచిగున్న కండ్లల్ల మందెందుకు?" చేతుల కింద నుంచే అన్నది. తరువాత ఆయన వైపు ముఖం తిప్పి, "గా దినం కొట్టుకుంటున్న మనిషికి రెండుసార్లు వోసినవట. తొందరగ దవాఖానకు కొంటవోండ్రి అని ఒక్కమాట అన్నవా లేదా?" అని అడిగింది.

ఆయన మొదటిసారి నవ్వలేదు. గిన్నె మీద మూత పెట్టాడు. "బిడ్డకు మనసు మంచిగ లేదు" అని బావతో చెప్పి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. వదినె ఆమె తల వదిలేసి, నా వైపు చూడకుండా లోపలికి పోయింది.

చెల్లెలు చేతులు దించింది. "పోయిండా?"

"పోయిండు."

"ఇంటికేనా?"

వాకిట్లోకి వెళ్లి చూశాను. పిండి గిర్ని ముందర ఒక ఆడమనిషి చంకలో ఆడపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. పెద్దాయన వచ్చాడని తెలిసి పక్క ఊరి నుంచి వచ్చింది. ఆయన అక్కడ ఆగి, గిన్నె మూత తీస్తున్నాడు. పిల్లకు ఫిట్స్ అని బావ చెప్పాడు. ఆ మాట చెల్లెలు విన్నది.

"నన్ను ఆడికి తోల్కపో అన్నా."

ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాను. వెనక నుంచి వదినె కేకలు వేస్తూనే ఉంది, ఇంటి పరువు తీస్తున్నారని. గిర్ని ముందర చెల్లెలు ఆగి, గాలిలో చెయ్యి చాచి వెతికింది. ఆ పిల్ల తల చేతికి తగిలింది.

"అమ్మా, నన్ను జూడు. గీ పసరు నాకు గూడ వోసిండు. గోళీలు మానుమన్నడు, మానిన. గిట్లయిన. పిల్లను దవాఖానకు కొంటవో. గోళీలిస్తే ఏసుడు మానకు."

ఆ తల్లి చెల్లెలి కళ్లలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆ కళ్లు తేటగా, అందంగా ఉన్నాయి. ఎక్కడా లోపం కనిపించదు. తరువాత పెద్దాయన ముఖం చూసింది. ఆయన తల అడ్డంగా ఆడించాడు, జాలిగా.

"నీకు పత్యం తప్పిందేమో అక్కా" అన్నది ఆమె.

నేను నేల మీద ఉమ్మాను. జీవితంలో నలుగురిలో ఎప్పుడూ చేయని పని. ఎవరూ పట్టించుకోలేదు.

చెల్లెలు మాత్రం పిల్ల తల మీది నుంచి చెయ్యి తీయలేదు. ఆ తల్లి పక్కకు జరిగితే తానూ జరిగింది. పెద్దాయన గుడ్డ పిండబోతే, ఆ కదిలే చెయ్యి కనిపించి, పిల్ల కళ్ల మీద తన అరచెయ్యి కప్పింది. ఎండ ముదిరింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. చివరికి ఆ తల్లి విసుగ్గా పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, "వచ్చే ఆయితారం మీ ఇంటికే వస్త పెద్దయ్యా, ఈడ గాదు" అని ఆయనతో చెప్పి వెళ్లిపోయింది.

చెల్లెలు ఆ అడుగుల చప్పుడు వింటూ నిలబడింది.

"ఆయన ఊరు కాలువ అవతల గద అన్నా?"

"అవు."

"వచ్చే ఆయితారం పొద్దుగాలనే రా. ఆ పిల్ల రాకముందే నేను ఆడ కూసోవాలె."

ఆ రోజు గోళీ ఆమె వేసుకుందా అని నేను అడగలేదు. ఇంటికి రాగానే తానే అడిగి, నా చేతిలోంచి తీసుకుని, వదినె ఎదుటే వేసుకుంది.